కొత్త బోర్లు ఆపాలా? ఆపితే ముందు ఎవరివి ఆపాలి?

వెదురుకుప్పం టీచరు

తిట్లు పడతాయని తెలిసే ఈ చర్చ మొదలుపెడుతున్నా. మన పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇకమీదట సాగుకు కొత్త బోరు వేయకూడదని ఊరూరా కట్టుబాటు చేసుకోవాలని నా అభిప్రాయం. జీవో కోసం ఎదురుచూడకుండా ఊరే కూర్చుని చేసుకోవాలి.

నా వాదనకు మూలం వాన లెక్క. మనకు ఏడాదికి అటూ ఇటూగా 900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురం వాళ్లు వింటే అసూయపడే అంకె. ఎకరం నేల మీద అంత వాన పడితే 36 లక్షల లీటర్లు. కానీ మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. పైన మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ తప్ప నీళ్లు నిలవవు. పడిన వానలో పదో వంతు లోపలికి దిగితే అదే ఎక్కువ. అంటే ఎకరానికి మూడున్నర లక్షల లీటర్లు. ఎకరం వరి ఒక కారు, అంటే ఒక పంట, పండాలంటే 45 నుంచి 50 లక్షల లీటర్లు పెట్టాలి. చెరుకైతే ఇంకా పైన. బోరు కింద ఎకరం వరి నాటిన మనిషి పన్నెండు, పదమూడు ఎకరాల్లో ఇంకిన నీళ్లు తోడుతున్నట్టు. ఆ మిగతా ఎకరాలు ఎవరివి? పక్క చేనాయనవి, మెట్ట పొలాలవి, సెంటు భూమి లేనివాళ్ల ఇళ్ల కిందవి.

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం దగ్గర్నుంచి మన న్యాయం "నీ భూమి కింద నీళ్లు నువ్వు తోడుకో" అంటూనే ఉంది. భూమికి గట్టుంది గానీ దాని కింద నీళ్లకు లేదు. ఉమ్మడి గాదెలో ఎవరి చేట పెద్దదైతే వాళ్లవే గింజలన్నట్టు నడుస్తోంది. "ఇప్పుడు హద్దు లేదు, మీరు కొత్తగా పెట్టమంటున్నారు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. హద్దు ఇప్పుడూ ఉంది, డబ్బు రూపంలో. 300 అడుగుల బోర్లు ఎండాక 600 వేయించగలిగినవాడు మిగిలాడు. అవీ ఎండాక 1000 వేయించగలిగినవాడు. మిగతావాళ్లంతా బెంగళూరు, తిరుపతి బస్సెక్కారు. ఎవరూ ఓటేయని హద్దు అది.

పులిచెర్ల రైతు

టీచరమ్మా, నమస్కారం. మీ లెక్కలో తప్పు పట్టను. కానీ మీ కట్టుబాటు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడండి.

కొత్త బోరు వద్దంటే పాత బోరు ఉండొచ్చనే కదా అర్థం. మా ఊళ్లో వెయ్యి అడుగుల బోర్లు ఎవరికున్నాయో అందరికీ తెలుసు. వాళ్లు రెండు కార్లు వరి పెడతారు, పశువులకు పచ్చగడ్డి పెంచుతారు, ఎండాకాలంలో ట్యాంకరు కూడా నింపుతారు. నాలాంటోడి బోరు పోయిన ఏడు పొగ తోలి ఆగిపోయింది. ఇప్పుడు నేను రిగ్గు పిలిపిస్తే ఊరికి ద్రోహం, ఆయన మోటారు ఆన్ చేస్తే హక్కు. ముందొచ్చినోడికే పట్టా రాసిచ్చినట్టు ఉండాది మీ కట్టుబాటు.

ఇంకో మాట. హద్దుల గురించి మాట్లాడేవాళ్లు ఎప్పుడూ జీతమొచ్చేవాళ్లే ఎందుకవుతారమ్మా? కోపంతో అనడం లేదు, నిజంగానే అడుగుతున్నా.

లెక్కల పిచ్చి

టీచరు గారి లెక్కకు చిన్న సవరణ. వరి మడిలో పెట్టిన నీళ్లన్నీ పోవు, కొంత మళ్లీ కిందికి ఇంకుతుంది. పన్నెండు ఎకరాలు అన్నది ఎనిమిదో తొమ్మిదో అనుకోండి. వాదన మారదు.

చట్టం సంగతి కూడా గుర్తుచేస్తా. 2002లోనే నీరు, భూమి, చెట్లను కాపాడేందుకు వాల్టా చట్టం వచ్చింది. కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు, నీళ్లు మరీ అడుగంటిన ఊళ్లను అతి వినియోగ గ్రామాలుగా ప్రకటించి అక్కడ కొత్త బోర్లు ఆపొచ్చు. కాగితం మీద టీచరు గారు అడిగేదంతా ఉంది. అయితే 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, 2020లో జలకళ పేరుతో ఉచిత బోర్లు వచ్చాయి. ఒక చేత్తో తాళం, ఇంకో చేత్తో తాళంచెవి. ఏ పార్టీనీ అనడం లేదు, అందరూ చేసిందే. బోరు ఆపుతానని చెప్పి మన జిల్లాలో ఎన్నికల్లో గెలిచినవాడిని చూపించండి.

అయినా చట్టంతోనే అన్నీ అయిపోతాయనీ నమ్మను. పంజాబ్‌లో భూగర్భజలం కాపాడాలని 2009లో చట్టం చేసి వరినాట్లు జూన్ మధ్య దాకా వెనక్కి నెట్టారు. నీళ్లు కొంత మిగిలాయేమో. కోత కూడా వెనక్కి జరిగింది, గోధుమ వేయడానికి టైము లేక గడ్డి తగలబెట్టడం పెరిగింది, ఆ పొగంతా ఢిల్లీ మీద పడింది.

కుప్పం కుర్రోడు

సీమవాళ్లకు ఎప్పుడూ పొదుపు పాఠాలే. కోనసీమ వెళ్లి చెప్పండి ఒకసారి! 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు నీళ్లలో ముందు వాటా అని రాసుకున్నారు. అదే సరిగ్గా అమలై ఉంటే మా తాతలు బోరు అనే మాటే వినేవాళ్లు కాదు. ఇప్పుడు హంద్రీనీవా కాలవలో కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి కుప్పం దాకా వచ్చాయి. మా చెరువులో ఆ నీళ్లు చూసి ఊరంతా పసుపు కుంకుమలు చల్లింది. హద్దులు, సర్దుకోవడాలు అని మాట్లాడితే రేపు విజయవాడలో ఎవరో అంటారు, "వాళ్లే చాలన్నారు కదా, ఇంకా నీళ్లెందుకు" అని. రాజకీయంగా ఇది ఆత్మహత్య.

లెక్కల పిచ్చి

తమ్ముడూ, నీళ్లు రావడం న్యాయమే, నాకు ఆనందమే. కానీ శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, కుప్పం 2,000 అడుగుల పైన. వెయ్యి లీటర్లను 400 మీటర్లు ఎత్తాలంటే, లీకులూ మోటారు నష్టాలూ లేవనుకున్నా, ఒక యూనిట్ పైనే కరెంటు కావాలి. ఆ నీళ్లతో ఎకరం వరి పెడితే 5,000 యూనిట్లు దాటుతుంది. తాగడానికి, చెరువులు నింపడానికి, ఆరుతడి పంటలకు అయితే ఎంత ఖర్చయినా సరే అంటాను. వరికీ చెరుకుకీ అయితే బొగ్గు కాల్చి కొండెక్కించిన నీళ్లను మడిలో పోసి ఎండబెట్టినట్టే. వాటా అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. వచ్చిన వాటాతో ఏం పండిస్తామన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

బైరాగిపట్టెడ

తిరుపతి నుంచి ఒక మాట. దేశంలో తోడే భూగర్భజలంలో 87 శాతం దాకా సాగుకే పోతోంది. అమెరికా, చైనా రెండూ కలిపి తోడేదానికన్నా మన దేశం ఒక్కటే ఎక్కువ తోడుతోంది. అలాంటప్పుడు ఊరికే అపార్ట్‌మెంట్ల మీద, హోటళ్ల మీద, తిరుమల కొండ మీద పడి ఏడవడం ఎందుకు? సమస్య పొలంలో ఉంది, పరిష్కారం కూడా అక్కడే వెతకాలి. డ్రిప్ పెట్టుకోండి, సబ్సిడీ ఇస్తున్నారు కదా.

పులిచెర్ల రైతు

సార్, ఆ 87 శాతం మేము తాగేశామా? మీ అన్నం, మీ పాలు, మీ టమోటా పప్పు అయ్యి మీ ఇంటికే వచ్చాయి. కల్యాణి డ్యామ్ మా పల్లెల పక్కన ఉంది, నీళ్లు తిరుపతికీ తిరుమలకీ పోతాయి. చాలక కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లూ మీకే. అదీ చాలని రోజున ట్యాంకరుకు ఫోన్ చేస్తారు. ఆ ట్యాంకరు ఎక్కడ నిండుతుందనుకుంటున్నారు? ఊళ్లో వ్యవసాయ బోరు దగ్గర, ఉచిత కరెంటుతో! నా పేరు మీద ఇచ్చిన సబ్సిడీ మీ ఫ్లాటు ట్యాంకులోకి ఎక్కుతోంది.

డ్రిప్ సంగతి కూడా చెప్తా. మా ఊళ్లో డ్రిప్ పెట్టినోళ్లందరికీ నీళ్లు మిగిలాయి, నిజమే. మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు సాగులోకి తెచ్చారు. బోరు నడిచే గంటలు ఒక్కటీ తగ్గలేదు.

బైరాగిపట్టెడ

ట్యాంకర్ల మాట ఒప్పుకుంటా. అది ఆపాల్సిందే, కనీసం కమర్షియల్ మీటరైనా పెట్టాలి. కొండ విషయంలో మాత్రం న్యాయంగా మాట్లాడండి. 2024 ఆగస్టులో డ్యాముల్లో నీళ్లు తగ్గితే పొదుపుగా వాడమని టీటీడీయే భక్తులకు చెప్పింది. ఎంత వాన పడితే అంతమందే రండి అని దేవుడి దగ్గర ఎవరంటారు? రోజుకు 60, 70 వేల మంది వస్తారు. వాళ్ల మీదే మా ఊరు బతుకుతోంది.

నీరుగంటి మనవడు

అందరి మాటలూ చదివాను. ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది, కాస్త పొడుగ్గా చెప్తా.

మా తాత మా ఊరి చెరువుకు నీరుగంటి. తెలియనివాళ్లకు: చెరువు తూము తీసి, కాలవ వెంబడి నడిచి, ఆయకట్టులో ఏ మడికి ఎంతసేపు పారాలో చూసే మనిషి. జీతం లేదు. కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. చెరువు నిండి మొరవ పోతే, అంటే నీళ్లు పొర్లి బయటికి పోతే, మొత్తం ఆయకట్టు నాటేవాళ్లు. సగమే నిండితే సగం ఆయకట్టే, అదీ అందరి పొలంలో తలా కొంత. ఏ ఏడు ఎంత నాటాలో ఊరు చెరువు కట్ట మీద కూర్చుని నిర్ణయించేది. టీచరు గారు ఇప్పుడు కావాలంటున్న హద్దు అదే. సీమలో ఇలాంటివి వేల చెరువులు, ఒకదాని మొరవ నీళ్లు కింది చెరువులోకి పోయేలా గొలుసుకట్టుగా కట్టినవి. కట్టించినవాళ్లకు, మరమ్మతు చూసేవాళ్లకు దశబంధం ఇనాములు, అంటే ఆ పనికి బదులుగా ఇచ్చే మాన్యాలు, ఉండేవి. ఇదంతా నిజం. ఇది చెప్పి చాలామంది "పాత రోజులే మేలు" అని ముగిస్తారు.

నేను ముగించలేను. మా తాతకు ఊరంతటికీ నీళ్లు పంచే అధికారం ఉండేది గానీ ఊరి బావిలో చేదుకునే అధికారం లేదు. ఆయన మాలపల్లి మనిషి. ఆయకట్టులో మాకు గుంట భూమి లేదు. భూమి లేనివాడు కాబట్టే నీళ్లు పక్షపాతం లేకుండా పంచుతాడని ఆ పని మా వాళ్లకు ఇచ్చారని పెద్దలు గొప్పగా చెబుతుంటారు. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి! వాటా లేనివాడే వాటాలు వేయాలి. కరువొస్తే ముందు ఎండేది మా కుండే. హద్దు ఉండేది, ఊరు పాటించేది కూడా. ఆ హద్దులో మేము లెక్కలోకే రాలేదు.

బోరు వచ్చాక ఏమైందో కూడా చెప్పాలి. చెరువు అక్కరలేకపోయింది. పూడిక ఎవరూ తీయలేదు, కాలవలు ఆక్రమించారు. తిరుపతి చుట్టూ అయితే చెరువులను ప్లాట్లు చేశారు. 2021 నవంబరులో కురిసిన వానకు తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి, రాయలచెరువు కట్ట కారుతోందని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. కానీ బోరు, కుళాయి వచ్చాకే మా అమ్మ ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా బిందె నింపుకుంది. కాబట్టి "బోరు పాపం, చెరువు పుణ్యం" అని నా దగ్గర చెప్పకండి.

ఇప్పుడు నా ప్రశ్న. టీచరు గారూ, ఊరు కూర్చుని కట్టుబాటు చేసుకోవాలన్నారు. ఊరంటే ఎవరు? బోరున్నవాళ్లా, భూమి ఉన్నవాళ్లా, ఇల్లున్న ప్రతి మనిషా?

వెదురుకుప్పం టీచరు

ఇల్లున్న ప్రతి మనిషీ. ఇందులో నాకు సందేహం లేదు. భూమి కింద నీళ్లు భూమి ఉన్నవాళ్లవి మాత్రమే కావంటే, హద్దు ఎంతో తేల్చేటప్పుడు భూమి లేనివాళ్లు కూర్చోవాల్సిందే. నీళ్లలో మొదటి వాటా తాగడానికి, పశువులకు. మిగిలితేనే పంటల గురించి మాటలు.

పులిచెర్ల అన్న చెప్పింది గట్టి పాయింటు. పాత బోర్లను ముట్టుకోకుండా కొత్తవి ఆపితే అన్యాయం స్థిరపడుతుంది. అందుకే బోరును ఆపడంతో పాటు నీళ్ల లెక్క కూడా తేలాలి. దీనికి మన దగ్గరే దాఖలా ఉంది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ సాయంతో రైతులే భూగర్భజలం చూసుకునే ప్రాజెక్టు ఒకటి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది, అందులో చిత్తూరు కూడా ఉంది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊళ్లో కూర్చుని ఇన్ని నీళ్లున్నాయి, అందరూ అనుకున్న పంటలు వేస్తే ఇంత కావాలి అని గోడ మీద రాశారు. ఎవరికీ ఆంక్ష లేదు. లోటు ఎంతో కళ్లకు కనబడ్డాక చాలామంది వరి తగ్గించుకున్నారు.

మహారాష్ట్రలో హివరే బజార్ ఇంకో అడుగు ముందుకేసింది. సాగుకు బోర్లే వద్దనుకుంది, చెరుకు, అరటి వద్దనుకుంది, ఏటా నీళ్ల లెక్క చూసుకుని పంటలు వేసుకుంటోంది. ఉమ్మడి ఆస్తి అంటే అందరూ దోచుకుని నాశనం చేస్తారని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త రాశాడు. అదే దేశపు పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ దేశదేశాల్లో అడవులు, చేపలు పట్టే తీరాలు, సాగునీటి కాలవలు చూసి, జనం తామే నియమాలు పెట్టుకుని నిలబెట్టుకోగలరని చూపించింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. నియమం వల్ల కష్టపడేవాళ్లకు ఆ నియమం మార్చే హక్కు కూడా ఉండాలన్నది ఆమె చెప్పిన షరతుల్లో ఒకటి. నీరుగంటి వ్యవస్థలో లేనిది సరిగ్గా అదే.

డాలస్ బావ

నేను ఇక్కడ అమెరికాలో ఉన్నా, అయినా మన ఊరి చర్చ కాబట్టి ఆగలేకపోతున్నా. ఇది ఒక జిల్లా సమస్య కాదు. భూమి తట్టుకోగల హద్దులు తొమ్మిదని 2009లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 2023 నాటికి ఆరు దాటేశామని తేల్చారు, మంచినీళ్లు కూడా అందులో ఉంది. మనవాళ్లు జనాభా, కోరికలు రెండూ తగ్గించుకోవాలి. మన సంస్కృతిలోనే త్యాగం ఉంది కదా.

పులిచెర్ల రైతు

బావా, మీ దేశంలో ఒక్కో మనిషి ఏడాదికి 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడంట, మన దేశంలో 2 టన్నులు. త్యాగం ముందు డాలస్‌లో మొదలుపెట్టు, మాకు వీడియో కాల్‌లో చూపించు. జనాభా అంటావా, నాకున్నది ఒక్కగానొక్క బిడ్డ, అదీ బెంగళూరులో ఉద్యోగం.

కుప్పం కుర్రోడు

😂 పులిచెర్ల అన్నకు ఒక సలాం. పల్లెకు పట్నం, పట్నానికి ఢిల్లీ, ఢిల్లీకి అమెరికా హద్దులు నేర్పుతూ పోతున్నాయి. పైవాడు దిగడు.

నీరుగంటి మనవడు

అవును, కానీ ఆ వాదన కింది మెట్టు దాకా కూడా రావాలి తమ్ముడూ. "పైవాడు దిగేదాకా నేనూ దిగను" అని అమెరికాను చూపించి దేశం అంటుంది. దేశాన్ని చూపించి కోస్తా, కోస్తాను చూపించి సీమ. సీమలో వెయ్యి అడుగుల బోరాయన పులిచెర్ల అన్నతో కూడా అదే అంటాడు. ఆ వరసలో చివర నిలబడినవాడు ఎవరిని చూపించాలి? కృష్ణా నీళ్లు కుప్పం వచ్చాయి, సంతోషం. ఆ చెరువు కింద ఆయకట్టులో భూమిలేనివాళ్లకు చేపల హక్కో, పశుగ్రాసం వాటానో ఏమైనా రాశారా? తెలిస్తే చెప్పు.

కుప్పం కుర్రోడు

రాయలేదన్నా. అడగలేదు కూడా ఎవరూ.

పులిచెర్ల రైతు

టీచరమ్మ చెప్పిన గోడ మీది లెక్క మా పక్క ఊళ్లో కూడా రాశారు. ప్రాజెక్టు పోయాక కొలిచేవాడు లేడు, ఆ గోడకు ఇప్పుడు సిమెంటు కంపెనీ రంగేసుకుంది. సరే, అది పక్కన పెడదాం. నాది అసలు బాధ వేరే.

హద్దు పాటిద్దామనుకున్నవాళ్లం కదా మేము? నీళ్లు తక్కువని చెరుకు తీసేసి మామిడి పెట్టాం. షుగర్ ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి, అదీ ఒక కారణం. జిల్లా జిల్లా తోతాపురి అయిపోయింది. 2025లో ఏమైంది? కాయ కొనేవాడు లేడు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడ్డాయి. సర్కారు కిలోకు 4 రూపాయలు కలుపుతానంది. కోత కూలి, బాడుగ పోతే చేతికి ఏమొచ్చిందో అడగొద్దు. అదే ఏడు బోరు కింద వరి పెట్టినాయనకు మద్దతు ధర అనే మాటైనా ఒకటుంది. తక్కువ నీళ్ల పంట వేసినోడు మునిగి, ఎక్కువ నీళ్ల పంట వేసినోడు తేలితే, మీ కట్టుబాటు మీద మా ఊళ్లో ఎవడు సంతకం పెడతాడమ్మా?

లెక్కల పిచ్చి

ఇది అసలు పాయింటు. నీళ్లకు హద్దు అడుగుతాం గానీ ధర ఎంతకన్నా కిందికి పడకూడదో అడగం. రాగి, కొర్ర, వేరుశనగలకు వరికి ఇచ్చినంత కొనుగోలు భరోసా ఇచ్చి, హాస్టళ్లలో, మధ్యాహ్న భోజనంలో పెడితే బోరు దానంతట అదే కొంత ఆగుతుంది. సంగటి తినే జిల్లాకు రాగులు పక్క రాష్ట్రం నుంచి రావడం ఏమిటసలు?

బైరాగిపట్టెడ

హాస్టల్ పిల్లలు రోజూ సంగటి తింటారా సార్? మా ఇంట్లో పిల్లలు తినరు.

వెదురుకుప్పం టీచరు

మా స్కూల్లో రాగి జావ ఇస్తున్నాం, బెల్లం ఉంటే తాగుతున్నారు. దాని గురించి ఇంకో చర్చ పెట్టుకుందాం.

పులిచెర్ల అన్నా, సంతకం సంగతి అడిగారు. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లలో జరిగింది చెప్తా. బోరున్న రైతులు, పక్కనే బోరు లేని రైతులు కలిశారు. బోర్లన్నీ పైపులైనుతో కలిపారు. బోరు లేనివాడికి ఒక్క తడి, పంట ఎండే రోజున ప్రాణం నిలిపే తడి, గ్యారంటీ. బదులుగా అతను కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయనని రాసిచ్చాడు. బోరున్నవాడికి లాభమేంటంటే పక్కన పోటీ బోరు పడదు, తన బోరు ఎండదు. ఎవరి మంచితనం మీదా ఆధారపడని ఒప్పందం ఇది, అందుకే నాకు నచ్చింది. మీ ఊళ్లో ఇది కుదురుతుందా?

నీరుగంటి మనవడు

ఇందులోనూ భూమిలేనివాళ్లు లేరని గమనించగలరు.

వెదురుకుప్పం టీచరు

గమనించాను తమ్ముడూ. ఊరి తాగునీటి బోరుకు చుట్టూ ఉన్న బోర్లు ఏప్రిల్, మే నెలల్లో ఆపాలన్న షరతు అదే కాగితంలో మొదటి వాక్యంగా ఉండాలంటాను. దాన్ని కాపలా కాసే అధికారం మీ వీధివాళ్లకు. ఈసారి వాటాతో సహా.

నీరుగంటి మనవడు

రాతలో ఉంటే నేను వస్తా. నోటిమాటైతే మా తాతతోనే అయిపోయింది.

పులిచెర్ల రైతు

మా చేనికి ఆనుకుని ఉన్నది ఆ వెయ్యి అడుగుల బోరాయనదే. వరసకు చిన్నాయన అవుతాడు, మాటల్లేక చాలా కాలమైంది, గట్టు తగాదా. ఆదివారం పోయి అడుగుతా. ఒక తడి ఇస్తానని కాగితం మీద పెడితే నేనూ బోరు వేయనని పెడతా, తాగునీటి షరతుతో సహా. పెట్టనంటే మాత్రం నన్ను ఏమీ అనొద్దు టీచరమ్మా. రిగ్గు వాళ్లకు అడ్వాన్సు ఇంకా వెనక్కి తీసుకోలేదు.